ఎసిడిటీ ఆపరేషన్ అయ్యాక తేన్పు రావట్లేదా? గోలీ సోడా జోలికి వెళ్లకండి!

కడుపు ఉబ్బరంగా ఉందంటే కర్నూలు, కడప వైపు చాలామంది చేసే పని ఒక్కటే. గోలీ సోడా కొట్టించుకుని గటగటా తాగేయడం. గట్టిగా ఓ తేన్పు వచ్చిందంటే ప్రాణం లేచొచ్చినట్టే. కానీ ఎసిడిటీకి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు ఇది రివర్స్ అవుతుంది. సోడా లోపలికి పోతుంది, గ్యాస్ మాత్రం బయటికి రాదు!

ఎందుకిలా? ఈ ఆపరేషన్ పేరు ఫండోప్లికేషన్. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కింది కొస చుట్టూ కండువాలా చుట్టి కుట్టేస్తారు. దాంతో యాసిడ్ పైకి తన్నడం ఆగుతుంది. సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ 1956లో ఈ పద్ధతిని ప్రచురించారు. 1991 నుంచి లాప్రోస్కోపీలోనూ చేస్తున్నారు. చిక్కేంటంటే, ఆ చుట్టు యాసిడ్‌తో పాటు గాలినీ ఆపేస్తుంది. తేన్పు రాదు. కొందరికి వాంతి కూడా రాదు, ఊరికే ఓకరింతలే. మింగిన గాలంతా కిందికే పోవాలి కాబట్టి పొట్ట ఉబ్బరం, గ్యాస్ ఎక్కువ. డాక్టర్లు దీన్నే గ్యాస్ బ్లోట్ సిండ్రోమ్ అంటారు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. గబగబా తినడం, చూయింగ్ గమ్, బీడీ, సిగరెట్... ఇవన్నీ గాలిని ఇంకా మింగిస్తాయి.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది, సంగటి! ముద్దను పులుసులోనో చెనిక్కాయల పచ్చడిలోనో అద్ది, నమలకుండా మింగడం ఇక్కడి అలవాటు. ఆపరేషన్ అయిన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు చుట్టిన చోట వాపు ఉంటుంది. అప్పుడు సంగటి ముద్ద, చికెన్ ముక్క, బ్రెడ్ లాంటివి ఛాతీ మధ్యలో ఇరుక్కుంటాయి. అందుకే ముందు రాగి జావ, మజ్జిగ, మెత్తటి అన్నం. తర్వాత సంగటి తినొచ్చు గానీ, చిన్న ముద్దలు, అదీ నమిలి. సంగటిని నమలడమేందని ఇంట్లో పెద్దోళ్లు నవ్వుతారు, అయినా తప్పదు. మూడు నెలలు దాటినా అడ్డం పడుతూనే ఉంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి. అవసరమైతే బెలూన్‌తో ఆ దారిని వెడల్పు చేస్తారు.

అన్నవాహికను ఆనుకునే వేగస్ నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే తిన్న కాసేపటికే విరేచనాలు, చెమటలు, గుండె దడ రావచ్చు. అరుదే, కానీ ఇలా అవుతుంటే షుగర్ అనుకుని వదిలేయొద్దు.

మరి మంట మళ్లీ రాదా? స్వీడన్‌లో 2,655 మందిపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో 17.7 శాతం మందికి రిఫ్లక్స్ తిరగబెట్టింది. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ మాత్రలకే వెళ్లారు. అయితే మంట వచ్చిందని మెడికల్ షాపులో మాత్రలు కొనేసుకోవద్దు. అన్నిసార్లూ అది యాసిడే కాకపోవచ్చు. 24 గంటల పీహెచ్ టెస్ట్‌లో అసలు విషయం తెలుస్తుంది.

ఇంకా ఆపరేషన్ చేయించుకోని వాళ్లయితే ఒక మాట అడగండి: "పూర్తి చుట్టా, సగం చుట్టా?" 270 డిగ్రీలే చుట్టే టూపే పద్ధతిలో ఉబ్బరం, మింగలేకపోవడం తక్కువ. మ్యానోమెట్రీ టెస్ట్ చేసి, అన్నవాహిక కండరాల బలం చూశాకే ఏది మేలో డాక్టర్ చెప్పగలరు.

నీళ్లు కూడా దిగకపోవడం, ఏమీ బయటికి రాని ఓకరింతలతో తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి విరేచనాలు ఉంటే మాత్రం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి కర్నూలు సర్వజన ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి. పాత డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లి, ఫండోప్లికేషన్ అయిందని డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పండి.