పొడి స్ప్రింక్లర్ వ్యవస్థలో నీరు చేరే కాలాన్ని అంచనా వేయడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• నీరు చేరే కాలంలోని రెండు అంశాలను వేరుచేసి వివరించగలుగుతారు.
• వాల్వ్ తెరుచుకునే కాలాన్ని లెక్కించగలుగుతారు.
• ఆలస్యానికి గల కారణాన్ని బట్టి తగిన నివారణను సూచించగలుగుతారు.

1. విషయ పరిచయం

తడి స్ప్రింక్లర్ వ్యవస్థలో పైపుల నిండా ఎప్పుడూ నీరు ఉంటుంది. వేడికి స్ప్రింక్లర్ గాజు బల్బు పగలగానే నీరు చిమ్ముతుంది. మన ప్రాంతంలోని దుకాణాలకు, ఆసుపత్రులకు ఈ పద్ధతి చాలు. కాని ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గే చోట నీరు గడ్డకట్టి పైపులు పగిలే ప్రమాదం ఉంది. శుద్ధిచేసిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీల వద్ద నిల్వ ఉంచే గదులు, శీతల దేశాల్లో వేడిచేయని గిడ్డంగులు ఇలాంటివే. అక్కడ పైపుల్లో నీటికి బదులు పీడనంతో గాలిని నింపుతారు. ఆ గాలి పీడనమే డ్రై వాల్వ్‌ను మూసి ఉంచి, నీటిని వెనుక ఆపుతుంది.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. స్ప్రింక్లర్ తెరుచుకున్నాక మొదట వచ్చేది నీరు కాదు, గాలి. ఆ తర్వాతే నీరు వస్తుంది. ఈ మధ్య వ్యవధినే 'నీరు చేరే కాలం' అంటారు.

2. ఈ కాలం ఎందుకు ముఖ్యం?

వేగంగా పెరిగే మంట తీవ్రత కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కిలోవాట్లలో దాని విలువ సుమారు 0.0469 × (సెకన్లు)². మంట మొదలైన 120 సెకన్లకు స్ప్రింక్లర్ తెరుచుకుందనుకోండి. అప్పుడు తీవ్రత 675 కిలోవాట్లు. నీరు మరో 60 సెకన్లు ఆలస్యమైతే అది 1,520 కిలోవాట్లకు, అంటే రెండింతలకు పైగా చేరుతుంది. ఈలోగా చుట్టుపక్కల స్ప్రింక్లర్లు కూడా తెరుచుకుని, ఉన్న నీటిని పంచుకుంటాయి. అందుకే అమెరికా ప్రమాణం ఎన్.ఎఫ్.పి.ఏ. 13 పొడి వ్యవస్థకు రూపకల్పన వైశాల్యాన్ని 30 శాతం పెంచమంటుంది. పెద్ద వ్యవస్థల్లో పరీక్షా కుళాయి తెరిచిన 60 సెకన్లలో నీరు రావాలనీ నిర్దేశిస్తుంది. సుమారు 1,900 లీటర్ల లోపు ఘనపరిమాణం ఉన్న వ్యవస్థలకు ఈ నియమం వర్తించదు.

3. మొదటి అంశం: వాల్వ్ తెరుచుకునే కాలం

డ్రై వాల్వ్ మూతపై గాలి తగిలే వైశాల్యం ఎక్కువ, నీరు తగిలే వైశాల్యం తక్కువ. అందువల్ల తక్కువ గాలి పీడనం ఎక్కువ నీటి పీడనాన్ని ఆపగలదు. ఈ నిష్పత్తి 5.5 అనీ, నీటి పీడనం 5.5 బార్ అనీ తీసుకుందాం. గాలి పీడనం 1 బార్‌కు తగ్గినప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది.

పైపులోని పరమ పీడనం వాతావరణ పీడనానికి సుమారు 1.9 రెట్లు ఉన్నంతవరకు గాలి రంధ్రం నుంచి ధ్వనివేగంతో వెళ్తుంది. అప్పుడు ఈ సూత్రం వర్తిస్తుంది:

కాలం = (ఘనపరిమాణం ÷ గాలి వెలువడే రేటు) × సహజ సంవర్గమానం (తొలి పరమ పీడనం ÷ తుది పరమ పీడనం)

ఉదాహరణ: పైపుల ఘనపరిమాణం 2,000 లీటర్లు, తొలి గేజి పీడనం 2.8 బార్. కె-గుణకం 80 గల ఒక స్ప్రింక్లర్ నుంచి గాలి వెలువడే రేటు సెకనుకు సుమారు 18.7 లీటర్లు. పరమ పీడనాలు 3.8, 2.0 బార్‌లు. కాబట్టి కాలం = (2,000 ÷ 18.7) × 0.642 = సుమారు 69 సెకన్లు.

గమనించండి: నీరు కదలకముందే 60 సెకన్ల హద్దు దాటిపోయింది. తొలి పీడనాన్ని 2.4 బార్‌కు తగ్గిస్తే ఇది 57 సెకన్లవుతుంది. కె-గుణకం 115 గల స్ప్రింక్లర్ వాడితే 48 సెకన్లవుతుంది. అయితే గాలి పీడనాన్ని ఇష్టం వచ్చినట్లు తగ్గించరాదు. వాల్వ్ తెరుచుకునే పీడనం కంటే అది కనీసం 1.4 బార్ ఎక్కువ ఉండాలి. లేకపోతే మంట లేకుండానే వాల్వ్ తెరుచుకోవచ్చు.

4. రెండవ అంశం: నీటి ప్రయాణ కాలం

వాల్వ్ తెరుచుకున్నాక నీరు మిగిలిన గాలిని ముందుకు నెడుతూ సాగుతుంది. నింపవలసిన మార్గం 1,200 లీటర్లు, సగటు ప్రవాహం సెకనుకు 40 లీటర్లు అనుకుంటే 30 సెకన్లు పడుతుంది. ఇది స్థూలమైన అంచనా మాత్రమే. నీరు ముందుకు సాగేకొద్దీ ఘర్షణ పెరుగుతుంది, ఎదుటి గాలి కుదించుకుపోతుంది, ప్రవాహం మారుతూ ఉంటుంది.

మూసి ఉన్న పక్క శాఖలు కూడా నీటిని తీసుకుంటాయి. వాటిలోని గాలి 2 బార్ పరమ పీడనం నుంచి 6.5 బార్‌కు కుదించుకుంటే, 69 శాతం చోటును నీరు ఆక్రమిస్తుంది. అందుకే ఈ దశను క్షణక్షణం లెక్కించే కంప్యూటర్ పద్ధతి అవసరమవుతుంది. నీటి మార్గాలు జాలంలా కలిసే అమరికను పొడి వ్యవస్థలో వాడకూడదని ప్రమాణం చెప్పడానికి కూడా ఇలాంటి చిక్కులే కారణం.

5. నివారణ ఎంపిక

యాక్సిలరేటర్ అనే పరికరం పీడనం తగ్గడాన్ని త్వరగా గుర్తించి వాల్వ్‌ను తెరుస్తుంది. మన ఉదాహరణలో అది 10 సెకన్లలో పనిచేస్తే 59 సెకన్లు మిగులుతాయి. కాని అప్పటికి పైపుల్లో ఇంకా సుమారు 2.5 బార్ గేజి పీడనం ఉంటుంది. ఆ గాలి నీటికి ఎదురు నిలుస్తుంది కనుక ప్రయాణ కాలం 30 సెకన్ల కంటే పెరుగుతుంది. అంటే మొదటి అంశంలో మిగిలిన సమయమంతా మొత్తంలో మిగలదు. ప్రయాణ కాలమే ఎక్కువైతే యాక్సిలరేటర్ సరిపోదు. వ్యవస్థను చిన్న భాగాలుగా విభజించాలి, లేదా నీటి సరఫరాను పెంచాలి.

6. సారాంశం

మొత్తం కాలం = తెరుచుకునే కాలం + ప్రయాణ కాలం. పైపులు బిగించాక పరీక్షలో లోపం బయటపడితే దిద్దుబాటు ఖరీదైనది. కాబట్టి రూపకల్పన దశలోనే రెండింటినీ విడివిడిగా అంచనా వేయండి. పరీక్షలోనూ రెండు కాలాలను వేర్వేరుగా నమోదు చేయండి. మొత్తం ఒక్కటే రాస్తే లోపం ఎక్కడుందో తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో ఘనపరిమాణం 1,500 లీటర్లయితే వాల్వ్ తెరుచుకునే కాలం ఎంత?
జవాబు: సుమారు 51.5 సెకన్లు.