కొత్త చేతికి పగ్గాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక అసిస్టెంట్ కోచ్‌కి పెద్ద బాధ్యత అప్పగిస్తే ఒకచోట కప్పు వస్తోంది, ఇంకోచోట జట్టు కుంగిపోతోంది. తేడా ఎక్కడుంది? అనుభవం లేనివాడికి అవకాశం ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి?

2025 జనవరి 20. అట్లాంటాలోని మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్. ఒకవైపు ఒహాయో స్టేట్, ఇంకోవైపు నోటర్ డేమ్. పేరున్న ఏ కోచ్‌నైనా పిలిపించుకోగల సంస్థలివి. అయినా ఆ రాత్రి రెండు జట్లనూ నడిపించింది ఇంటి మనుషులే. ఒహాయో స్టేట్ హెడ్ కోచ్ ర్యాన్ డే, నోటర్ డేమ్ హెడ్ కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఇద్దరూ అదే కాలేజీలో అసిస్టెంట్లుగా ఉండి పైకొచ్చినవాళ్లు. అంతకుముందు మరే కాలేజీలోనూ హెడ్ కోచ్‌లుగా పనిచేయలేదు. 34-23తో ఒహాయో స్టేట్ గెలిచింది.

అదే నెలలో సౌత్ కరోలైనాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ తన డిఫెన్స్ కోఆర్డినేటర్ వెస్ గుడ్‌విన్‌ను తప్పించింది. అతనూ లోపలి నుంచి ఎదిగినవాడే. మూడేళ్ల కిందట ఎన్నో ఆశలతో ఆ పదవిలో కూర్చోబెట్టారు.

రెండుచోట్లా నమ్మకం ఒక్కటే. ఫలితాలే వేరు. ఆ తేడా అదృష్టంలో లేదు, పదవి ఇచ్చిన తీరులో ఉంది.

మెట్లు ఇలా ఉంటాయి

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. ఇది హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని, గజం గజం ముందుకు తోసుకుపోయే ఆట. మైదానంలో ఒక్కో పక్షాన 11 మందే కనిపించినా, జట్టులో వంద మంది దాకా ఉంటారు. ఒహాయో స్టేట్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఆ కాలేజీ ఉన్న కొలంబస్‌లోనో, టెక్సస్ యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్‌లోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులను అడిగితే చెబుతారు, సీజన్లో శనివారం వస్తే ఊళ్లో దారులన్నీ స్టేడియం వైపే పోతాయని.

కోచ్‌ల వ్యవస్థలో అట్టడుగున గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, వీడియోలు చూసి లెక్కలు తీసే అనలిస్టులు ఉంటారు. ఆపైన పొజిషన్ కోచ్‌లు. బంతి అందుకునే రిసీవర్లకు ఒకరు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకరు, లైన్‌లో నిలబడే భారీకాయులకు ఒకరు. వాళ్లపైన ఇద్దరు కోఆర్డినేటర్లు: దాడి ఒకరిది, అడ్డుకోవడం ఇంకొకరిది. అందరి మీదా హెడ్ కోచ్.

పొజిషన్ కోచ్ నుంచి కోఆర్డినేటర్‌కు మారడం బయటికి ఒక్క మెట్టులాగే కనిపిస్తుంది. నిజానికి అక్కడ పని స్వభావమే మారిపోతుంది. పొజిషన్ కోచ్ ఓ పది మంది కుర్రాళ్లకు అడుగు ఎలా వేయాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో నేర్పుతాడు. కోఆర్డినేటర్ 22 మందినీ ఒకేసారి చూడాలి. ఒక ప్రయత్నం (ప్లే) ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు గడియారంలో ఉండేది 40 సెకన్లు. ఆ వ్యవధిలోనే ఎదుటివాడి ఎత్తు గ్రహించి, తన ఎత్తు ఎంచుకుని, అది ఆటగాళ్లకు చేరేలా చూడాలి. 2024 నుంచి హెల్మెట్‌లోని చిన్న స్పీకర్ ద్వారా ఒక ఆటగాడితో నేరుగా మాట్లాడే వీలు వచ్చింది. 15 సెకన్లు మిగిలి ఉండగా అదీ ఆగిపోతుంది. సినిమా వాళ్ల మాటల్లో చెప్పాలంటే, ఇది తొలిసారి మెగాఫోన్ పట్టుకోవడం. సెట్లో ఎన్నేళ్లు పనిచేసినా, ‘యాక్షన్’ అని చెప్పాల్సిన బాధ్యత మీద పడే దాకా ఆ బరువు తెలియదు.

క్లెమ్సన్ కథ

ఈ విషయంలో క్లెమ్సన్‌ను మించిన పాఠ్యపుస్తకం లేదు. 2008 అక్టోబరు 13న, సీజన్ మధ్యలో, హెడ్ కోచ్ టామీ బౌడెన్ తప్పుకున్నాడు. కాలేజీ క్రీడా విభాగాన్ని చూసే అథ్లెటిక్ డైరెక్టర్ టెరీ డాన్ ఫిలిప్స్ జట్టును డాబో స్వినీ చేతిలో పెట్టాడు. అప్పటికి స్వినీ వయసు 38. రిసీవర్ల కోచ్. ఎప్పుడూ కోఆర్డినేటర్‌గా చేయలేదు. అంతకు కొన్నేళ్ల ముందైతే కోచింగ్ ఉద్యోగమే లేక రియల్ ఎస్టేట్‌లో పనిచేశాడు. ఒక పెద్ద మెట్టు దాటేసి నేరుగా శిఖరం మీదికి ఎక్కించినట్టే.

మూడో ఏడు, 2010లో, జట్టు 6 గెలిచి 7 ఓడింది. ఫిలిప్స్ అతన్ని తీసేయలేదు. స్వినీ ఆ సమయాన్ని వృథా చేసుకోలేదు. తనకు లేనిది ఏమిటో గ్రహించి, అది ఉన్నవాళ్లను తెచ్చుకున్నాడు. 2011లో దాడి బాధ్యతను చాడ్ మోరిస్‌కు ఇచ్చాడు. కాలేజీ స్థాయిలో మోరిస్ కోఆర్డినేటర్‌గా చేసింది ఒక్క ఏడాదే అయినా, టెక్సస్ హైస్కూళ్లలో ఏళ్ల తరబడి హెడ్ కోచ్‌గా నిర్ణయాలు తీసుకున్నవాడు. ఆ సీజన్ చివర 2012 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో వెస్ట్ వర్జీనియా చేతిలో 70-33తో చిత్తుగా ఓడాక, ఒక్లహోమాలో సుదీర్ఘ అనుభవమున్న బ్రెంట్ వెనబుల్స్‌ను డిఫెన్స్‌కు తీసుకొచ్చాడు.

2014 చివర్లో మోరిస్ వేరే కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. స్వినీ బయట వెతకలేదు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ టోనీ ఇలియట్‌కూ, రిసీవర్ల కోచ్ జెఫ్ స్కాట్‌కూ ఆ పదవి కలిపి ఇచ్చాడు. ఇలియట్ క్లెమ్సన్‌లోనే ఇంజినీరింగ్ చదివి, మిషెలిన్ టైర్ల కంపెనీలో ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని కోచింగ్‌లోకి వచ్చిన మనిషి. ఇద్దరికీ ఆ స్థాయిలో ఎత్తులు నిర్ణయించిన అనుభవం లేదు. తొలి మ్యాచ్‌లోనే ఒక్లహోమాను 40-6తో ఓడించారు. 2017 జనవరిలో, 2019 జనవరిలో ఫైనల్లో అలబామాను ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. రెండోసారి 15 మ్యాచ్‌లాడి 15 గెలిచారు. దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు 2017లో ఇలియట్‌కు దక్కింది.

2021 డిసెంబరులో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది, ఈసారి రెట్టింపుగా. వెనబుల్స్ హెడ్ కోచ్‌గా ఒక్లహోమాకు, ఇలియట్ వర్జీనియాకు వెళ్లిపోయారు. స్వినీ పాత దారే పట్టాడు. క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ బ్రాండన్ స్ట్రీటర్‌కు దాడి, తెర వెనుక పనిచేస్తున్న గుడ్‌విన్‌కు డిఫెన్స్ అప్పగించాడు. స్ట్రీటర్ చిన్న స్థాయి కాలేజీలో కోఆర్డినేటర్‌గా చేశాడు. గుడ్‌విన్ మాత్రం పొజిషన్ కోచ్‌గానూ చేయలేదు.

2022 సీజన్లో జట్టు 11 మ్యాచ్‌లు గెలిచి తమ కాన్ఫరెన్స్ (కాలేజీల కూటమి) టైటిల్ కూడా సాధించింది. అయినా దాడిలో పదును తగ్గిందని 2023 జనవరిలోనే స్ట్రీటర్‌ను పంపించేశారు. గుడ్‌విన్ ఇంకో రెండు సీజన్లు ఉన్నాడు. 2024 డిసెంబరులో ప్లేఆఫ్ తొలి రౌండ్లో టెక్సస్ 38-24తో గెలిచింది. ఆ రోజు టెక్సస్ బంతి పట్టుకుని పరుగెత్తే 290 గజాలకు పైగా సాధించింది. క్లెమ్సన్ డిఫెన్స్ ఆపలేకపోయింది.

తేడా ఇక్కడుంది

ఇలియట్, స్కాట్‌లకు పగ్గాలు ఇచ్చినప్పుడు జట్టులో రెండో సగం వెనబుల్స్ లాంటి దిట్ట చేతిలో ఉంది. కొత్తవాళ్లు తడబడిన రోజు డిఫెన్స్ మ్యాచ్‌ను నిలబెట్టగలదు. జట్టులో డెషాన్ వాట్సన్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. పైగా వాళ్లు ఇద్దరు, ఒకరికొకరు తోడు. 2022లో ఆ రక్షణ లేదు. దాడి, డిఫెన్స్ రెండూ ఒకేసారి కొత్త చేతుల్లోకి వెళ్లాయి. కొత్తవాడికి మరో కొత్తవాడే తోడు.

డే, ఫ్రీమన్‌ల దారి చూడండి. డే ఒహాయో స్టేట్‌కు రాకముందే బాస్టన్ కాలేజీలో కోఆర్డినేటర్. 2018లో హెడ్ కోచ్ అర్బన్ మేయర్ సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు మూడు మ్యాచ్‌లు తాత్కాలికంగా నడిపి మూడూ గెలిచాడు. ఆ తర్వాతే పూర్తి పదవి. ఫ్రీమన్ నోటర్ డేమ్‌కు ముందు సిన్సినాటీలో నాలుగు సీజన్లు డిఫెన్స్ నడిపాడు. 2021 డిసెంబరులో 35 ఏళ్లకే హెడ్ కోచ్ అయ్యాడు. వాళ్లు తర్వాతి మెట్టుకు కొత్తవాళ్లే గానీ, నిర్ణయం తీసుకోవడానికి కొత్తవాళ్లు కారు. ‘ఎన్నేళ్ల అనుభవం’ అన్న ప్రశ్న కంటే ‘ఏ నిర్ణయాలు సొంతంగా తీసుకున్నాడు’ అన్న ప్రశ్న మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఓపిక కూడా లెక్కలోకి రావాలి. ఫ్రీమన్ తొలి మూడు మ్యాచ్‌లూ ఓడాడు. మూడోది సొంత మైదానంలో మార్షల్ లాంటి చిన్న జట్టు చేతిలో. 2024 నవంబరులో చిరకాల ప్రత్యర్థి మిషిగన్ చేతిలో వరుసగా నాలుగోసారి ఓడినప్పుడు, డేను తీసేయమన్న అభిమానులు తక్కువేం లేరు. రెండు నెలలు తిరగకుండానే కప్పు వచ్చింది.

తొలి ఏడాది మాయ

ఇందులో ఇంకో ప్రమాదముంది. కొత్త కోచ్ మొదటి సీజన్ గెలుపు చాలాసార్లు పాత కోచ్ సంపాదనే. 2001లో బుచ్ డేవిస్ వెళ్లిపోతే మయామి యూనివర్సిటీ తన ఆఫెన్స్ కోఆర్డినేటర్ లారీ కోకర్‌ను హెడ్ కోచ్‌ను చేసింది. డేవిస్ ఏరి తెచ్చిన ప్రతిభావంతులతో కోకర్ తొలి ఏడాదే 12కు 12 గెలిచి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2006 చివరికి అదే మయామి అతన్ని తొలగించింది. ఆరిగన్‌లో చిప్ కెల్లీ తర్వాత 2013లో వచ్చిన మార్క్ హెల్ఫ్రిచ్‌ది కూడా ఇదే వరస. రెండో ఏడాదే జాతీయ ఫైనల్, 2016లో 4 గెలుపులు, 8 ఓటములు, ఉద్వాసన.

కాబట్టి పాత కోచ్ ఏరి తెచ్చిన కుర్రాళ్లు వెళ్లిపోయి, తను ఎంచుకున్నవాళ్లు మైదానంలోకి వచ్చే దాకా కొత్త కోచ్ మీద తీర్పు చెప్పకూడదు. గెలుపుకైనా, ఓటమికైనా.

అందరికీ దొరకని తొలి అవకాశం

అనుభవం లేనివాళ్లను అసలు తీసుకోకూడదన్న వాదన నాకు నచ్చదు. దాని భారం అందరి మీదా సమానంగా పడదు. 2003లో అలబామా యూనివర్సిటీ హెడ్ కోచ్ కోసం వెతికినప్పుడు మైక్ షులా, సిల్వెస్టర్ క్రూమ్ ఇద్దరి పేర్లూ పరిశీలనలో ఉన్నాయి. ఇద్దరూ అక్కడే ఆడినవాళ్లు. ఇద్దరూ అప్పుడు వృత్తి ఫుట్‌బాల్ లీగ్‌లో అసిస్టెంట్లు. ఇద్దరూ అప్పటిదాకా హెడ్ కోచ్‌గా చేయలేదు. వయసులో పెద్దవాడు, కోచింగ్‌లో ఎక్కువ ఏళ్లు గడిపినవాడు నల్లజాతీయుడైన క్రూమ్. పదవి షులాకు దక్కింది. ఆ ఏడాది చివర్లో క్రూమ్‌ను మిసిసిపీ స్టేట్ తీసుకుంది. ఎస్ఈసీ కాన్ఫరెన్స్ చరిత్రలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ అతనే. నోటర్ డేమ్‌ను జాతీయ ఫైనల్‌కు చేర్చిన ఫ్రీమన్, ఆ స్థాయికి వెళ్లిన తొలి నల్లజాతి హెడ్ కోచ్. ఎవరో ఒకరు తొలి అవకాశం ఇవ్వకపోతే ‘అనుభవం’ ఎక్కడి నుంచి వస్తుంది?

డబ్బు, భయం

కాలేజీలు లోపలివాళ్ల వైపు చూడటానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. 2023 నవంబరులో జింబో ఫిషర్‌ను తీసేసినందుకు టెక్సస్ ఏ అండ్ ఎం అతనికి ఒప్పందం ప్రకారం చెల్లించాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. ఆటగాడు తొలిసారి కాలేజీ మారితే ఏడాది పాటు ఖాళీగా కూర్చోవాల్సిన పని 2021లో లేకుండా పోయింది. కోచ్ మారాడంటే సగం జట్టు మూట సర్దుకునే ప్రమాదం ఉంది. తెలిసిన ముఖాన్నే కుర్చీలో కూర్చోబెడితే కుర్రాళ్లు ఆగుతారన్నది లెక్క. 2025 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వడమూ మొదలైంది. తొలి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇంత సొమ్ము చుట్టూ తిరిగే నిర్ణయంలో భయం పాలు పెరగడం సహజం. భయంతో ఇచ్చిన పదోన్నతి మాత్రం నమ్మకంతో ఇచ్చినది కాదు.

నాలుగేళ్లు ఎవరివి?

గుడ్‌విన్ తర్వాత క్లెమ్సన్ ఎంతో అనుభవమున్న టామ్ ఆలెన్‌ను బయటి నుంచి తెచ్చింది. అయినా 2025 రెగ్యులర్ సీజన్లో 7 గెలిచి 5 ఓడింది. అనుభవం ఒక్కటే మందు కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

అసిస్టెంట్‌ను ముందుకు తేవాలనుకునే కాలేజీ మూడు పనులు తప్పక చేయాలి. పెద్ద పదవికి ముందు చిన్న మ్యాచ్‌లలోనో, మ్యాచ్‌లో ఒక భాగానికో అతని చేతే నిర్ణయాలు చేయించాలి. ఒకవైపు కొత్తవాడుంటే రెండోవైపు తలపండినవాణ్ని ఉంచాలి. ఎంతకాలం వేచి చూస్తారో మొదటి రోజే చెప్పి, ఆ మాటకు కట్టుబడాలి. 2024లో నిబంధనలు సడలి అనలిస్టులు కూడా మైదానంలో నేర్పవచ్చని తేలాక, మొదటి పనికి సాకులు చెప్పే వీలు లేదు.

ప్రయోగం వికటిస్తే కోచ్ ఇంకో ఊరు, ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. అథ్లెటిక్ డైరెక్టర్ ఇంకో ఒప్పందం రాస్తాడు. పద్దెనిమిదేళ్లకు వచ్చిన కుర్రాడికి ఆడటానికి ఉండేవి మాత్రం ఇంచుమించు నాలుగు సీజన్లే. అందులో రెండు పెద్దవాళ్ల తొందరపాటుకు ఖర్చయితే ఆ సీజన్లు మళ్లీ రావు. అసిస్టెంట్‌కు తొలి అవకాశం ఇవ్వాల్సిందే. ఆ అవకాశం కోసం అతన్ని ముందే తయారు చేయాల్సిన బాధ్యత మాత్రం ఇచ్చే కాలేజీదే. అది నెరవేర్చని కాలేజీకి, ఓడిన రోజున ఆ అసిస్టెంట్‌ను వేలెత్తి చూపే హక్కు లేదు.