రెంటికీ చెడని రెండు విద్యలు

కత్తి తిప్పేవాడికి మంత్రం కూడా వస్తే ఎంత బాగుంటుంది! డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు పుట్టే కోరికే ఇది. ఆ కోరిక తీర్చాలి, పక్కన కూర్చున్న అచ్చమైన ఫైటర్‌కూ అచ్చమైన విజర్డ్‌కూ అన్యాయం జరగకూడదు. ఆట రూపొందించేవాళ్ళను యాభై ఏళ్ళుగా పీడిస్తున్న చిక్కు ఇదే. భూతాలనూ డ్రాగన్లనూ పక్కకు నెట్టి చూస్తే అడుగున ఉన్నది హైస్కూలు లెక్కలే.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. డంజన్ మాస్టర్ కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర వేస్తారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. పాత్ర చేసే వృత్తి పేరు క్లాస్. సాహసాలకు అనుభవం పాయింట్లు వస్తాయి, వాటితో లెవెల్ పెరుగుతుంది. ఒకే పాత్ర రెండు వృత్తులు పడితే మల్టీక్లాస్.

1978 నాటి నియమం పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది: ఎల్ఫ్ వంటి మానవేతర పాత్రలు రెండు క్లాసులు పెట్టుకోవచ్చు, వచ్చిన పాయింట్లను చెరిసగం పంచుకోవాలి. కానీ ఫైటర్ లెవెళ్ళ ధర చూడండి. 2వ లెవెల్‌కు సుమారు 2,000 పాయింట్లు, తర్వాత 4,000, 8,000, 18,000, 35,000, 7వ లెవెల్‌కు 70,000. మెట్టుమెట్టుకూ ఇంచుమించు రెట్టింపు. ధర రెట్టింపవుతూ పోతుంటే పాయింట్లు సగమైనందువల్ల పోయేది ఒక్క లెవెలే! 70,000 దాటేసరికి అచ్చమైన ఫైటర్ 7వ లెవెల్‌లో ఉంటాడు. అవే పాయింట్లను పంచుకున్న ఎల్ఫ్ ఫైటర్‌గా 6, మ్యాజిక్ యూజర్‌గా, అంటే విజర్డ్‌గా, 5. ఒక్క లెవెల్ వదులుకుంటే పూర్తిగా ఇంకో వృత్తి చేతికొచ్చింది. ఈ బేరం మరీ చవక. దానికి అడ్డు లెవెళ్ళకు పెట్టిన గరిష్ఠ పరిమితి: ఎల్ఫ్ శరీర బలం స్కోరు 18 ఉన్నా ఫైటర్‌గా 7 దాటకూడదు. ఇది మందు కాదు, వాయిదా. ఆట తొలి సగం ఎల్ఫ్‌ది, మలిసగం ఆ పరిమితి లేని మనిషిది. మలిసగం దాకా ఆడే బృందాలెన్ని?

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ రెట్టింపు ధరను తీసేసింది. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ క్లాస్ కావాలంటే ఆ క్లాస్ తీసుకోవచ్చు. 5వ లెవెల్ ఫైటర్, 5వ లెవెల్ విజర్డ్ కలిస్తే 10వ లెవెల్ పాత్ర. ఇక్కడే అసలు ప్రశ్న బయటపడింది: 5, 5 కలిస్తే 10 అవుతుందా?

లెవెల్‌తో బలం ఏ ఆకారంలో పెరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. సరళరేఖలా పెరిగితే అవుతుంది. లెవెల్ వర్గంలా పెరిగితే 25, 25 కలిపి 50; ఒకే దారిలో వెళ్ళినవాడికి 100. వర్గమూలంలా, అంటే మొదట గబగబా పెరిగి తర్వాత మందగిస్తే తారుమారవుతుంది: ఒకే దారి వాడికి 3.16, రెండు దారుల వాడికి 4.47.

మూడో ఎడిషన్‌లో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. విజర్డ్‌కు లెవెల్ పెరిగితే మంత్రాల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కో మంత్రం దెబ్బా పెరుగుతుంది, అంటే వర్గం దారి. అచ్చమైన విజర్డ్ 10వ లెవెల్‌లో ఐదో మెట్టు మంత్రాలు చదువుతుంటే 5–5 పాత్ర ఇంకా మూడో మెట్టు దగ్గరే ఉంటుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే వీడే. ఇంకోవైపు విషాన్ని, శారీరక దాడులను తట్టుకునే శక్తి ఉంది. దృఢమైన క్లాసులకు మొదటి లెవెల్‌లోనే పాచికకు +2 కలుస్తుంది, 4వ లెవెల్‌కు +4 అవుతుంది. ఫైటర్, బార్బేరియన్, రేంజర్, క్లెరిక్ తలా ఒక లెవెల్ తీసుకుంటే అదే నాలుగు లెవెళ్ళకు +8! క్లాసుల మధ్య ఒకటికి మించి తేడా ఉంటే పాయింట్లలో 20 శాతం కోత అని నియమం ఉంది కానీ, అన్నీ ఒకటే లెవెల్ కాబట్టి ఈ చిల్లరకొట్టు వీరుడికి అది తగలదు.

2008 నాటి నాలుగో ఎడిషన్ భయపడి మల్టీక్లాస్‌ను రుచి చూపించే స్థాయికి కుదించింది. దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌దే తెలివైన పని. ఏది మొత్తం లెవెల్‌తో పెరగాలి, ఏది క్లాస్ లెవెల్‌తో పెరగాలి అని విడదీసింది. నైపుణ్యపు బోనస్ మొత్తం లెవెల్‌తో పెరుగుతుంది. రోజువారీ మంత్రాల కోటా అయిన స్పెల్ స్లాట్లు విజర్డ్, క్లెరిక్ లెవెళ్ళు కలిపితే వచ్చే మొత్తాన్ని బట్టి వస్తాయి. కొత్త మంత్రాలు నేర్చుకోవడం మాత్రం ఆయా క్లాస్ లెవెల్‌ను బట్టే. కనుక 5–5 విజర్డ్–క్లెరిక్‌కు ఐదో మెట్టు స్లాట్ ఉంటుంది, ఐదో మెట్టు మంత్రం రాదు. ఆ స్లాట్‌తో తెలిసిన ఫైర్‌బాల్ మంత్రాన్నే ఇంకాస్త గట్టిగా విసురుకోవచ్చు.

అయినా ఒక ఎత్తైన మెట్టు మిగిలింది: 5వ లెవెల్. అక్కడ ఫైటర్ ఒక వంతులో రెండుసార్లు కొడతాడు. శరీర బలం 18, చేతిలో గ్రేట్‌సోర్డ్ అనే పెద్ద కత్తి ఉంటే ఒక్కో దెబ్బ సగటున 11, రెండూ తగిలితే 22. విజర్డ్‌కు ఫైర్‌బాల్ వస్తుంది: ఎనిమిది పాచికలు, సగటున 28, అదీ పరిధిలో ఉన్న ప్రతి శత్రువుకూ. అదే 5వ లెవెల్‌లో ఫైటర్ 3, విజర్డ్ 2 తీసుకున్నవాడి చేతిలో ఏముంది? ఏదో ఒక క్లాస్‌లో 4వ లెవెల్ చేరితే ఇచ్చే పెంపు అందలేదు కనుక శరీర బలం 16 దగ్గరే ఆగింది. ఒక్క దెబ్బ, సగటు 10. లేదా మ్యాజిక్ మిసైల్, సగటు 10.5. ఆ “లేదా” దగ్గరే ఉంది కిటుకంతా. ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లు, అందులో ఒకటే ప్రధాన చర్య. రెండు విద్యలున్నా ఒకసారికి ఒకటే వాడాలి కనుక బలాలు కూడవు, వాటిలో పెద్దదే లెక్కకొస్తుంది.

అందుకే ఆటను నిజంగా కుదిపేసిన కలయికలన్నీ ఆ “లేదా”ను “మరియు”గా మార్చినవే. పవిత్ర యోధుడైన పాలడిన్ తన కత్తి దెబ్బ తగిలాక స్లాట్ ఖర్చుపెట్టి అదనపు దైవిక దెబ్బ, డివైన్ స్మైట్, వేయవచ్చు. 2014 నియమాల్లో దీనికి వేరే చర్య అక్కర్లేదు, ఆ స్లాట్ ఏ క్లాస్ నుంచి వచ్చినా ఫరవాలేదు. కాబట్టి రెండు లెవెళ్ళు పాలడిన్‌గా ఉండి, మిగతావన్నీ మంత్రగాడైన సోర్సరర్‌గా తీసుకుంటే మంత్రాల కోటా మొత్తం కత్తి మొనకు చేరింది. 2024 పుస్తకం స్మైట్‌ను బోనస్ చర్య కావలసిన మంత్రంగా మార్చి, ఒక వంతుకు ఒక్కసారికి కట్టేసింది. క్లాస్‌లోని ఉపశాఖ అయిన సబ్‌క్లాస్ ఇచ్చే శక్తులను అన్ని క్లాసులకూ 3వ లెవెల్‌కు జరిపి, ఒక్క లెవెల్ రుచి చూసి వెళ్ళేవాళ్ళ లాభానికీ కత్తెర వేసింది. పాయింట్లలో కోతల కంటే, లెవెళ్ళకు వేసిన ఆనకట్టల కంటే ఈ రెండు సవరణలే బాగా పనిచేస్తాయని నా అభిప్రాయం. ఎందుకంటే ఇవి జరిమానాలు కావు. వక్రరేఖ ఆకారాన్నే సరిచేస్తాయి.

పాచికలు, బల్ల, నలుగురు స్నేహితులు కుదరకపోతే 2023లో లారియన్ స్టూడియోస్ తెచ్చిన కంప్యూటర్ ఆట బల్డర్స్ గేట్ 3 ఉంది. కొద్ది మార్పులతో 2014 నియమాల మీదే నడుస్తుంది, గరిష్ఠ లెవెల్ 12. ముందు ఒక క్లాస్‌ను 5 దాటించి, ఆ తర్వాతే రెండోదాన్ని ముట్టుకోండి. లెక్క తప్పినా పెద్ద నష్టం లేదు. శిబిరంలో ఉండే విదర్స్‌కు 100 బంగారు నాణేలిస్తే లెవెళ్ళన్నీ మొదటి నుంచి మళ్ళీ పంచుకోవచ్చు.