వెండ్రుకవంటి తీగె, వంగని కండె

విద్యుత్ గిటారు వాదనమును విని ఆనందించువారిలో పెక్కుమంది, ఆ నాదము తంత్రులయందే పుట్టి తిన్నగా ధ్వనివర్ధకపు పెట్టెలోనికి పోవుచున్నదని తలతురు. కాని తంత్రుల క్రింద, చిటికెనవ్రేలంత చోట ఒదిగియున్న పికప్పు అను చిన్న సాధనమే వాని కంపనమును విద్యుత్తుగా మార్చి పంపుచున్నది. అయస్కాంతముల చుట్టును సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టి, దానికి చేరువగా ఉక్కుతంత్రిని మీటినచో, అయస్కాంతక్షేత్రము చలించి తీగెలో విద్యుత్తు జనించును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన ప్రేరణసూత్రమే ఇందలి రహస్యము. అటుపిమ్మట నూరేండ్లకు, 1930ల తొలినాళ్లలో, అమెరికాదేశమున జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు దానిని గిటారునకు వర్తింపజేసిరి.

ఈ పనికి వాడు తీగె 42వ గేజిది. మందము మిల్లీమీటరులో పదునారవ వంతు. వెలుతురునకు ఎదురుగా పట్టిననే తప్ప కంటికి సరిగా ఆనదు; కొంచెము గట్టిగా లాగినచో చప్పుడైనను చేయక తెగిపోవును. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున ఫెండర్ సంస్థవారు 1954లో వెలువరించిన స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్పులో ఇట్టి తీగె ఇంచుమించు 8000 చుట్లుండెను; విప్పి పరచినచో కిలోమీటరు పొడవగును. 1956లో ఆ కర్మాగారమున పనికి చేరిన అబిగేల్ ఇబారా వంటి స్త్రీలు, యంత్రము కండెను త్రిప్పుచుండగా, తీగెను వ్రేళ్ల నడుమనుండి జారవిడుచుచు ఈ పికప్పులను చుట్టిరి. నేడు ఇంటనే పికప్పులు చేసికొను ఔత్సాహికులును ఆ త్రోవనే నడచుచున్నారు. వారికి మొదట ఎదురగు చిక్కు తీగె తెగుట. రెండవది, పని ముగియువరకును బయటపడనిది, కండె వంగుట.

కండెను వారు బాబిను అందురు. ఫెండర్ పద్ధతి బాబిను ఒక చిన్న మండపమువలె నుండును: అడుగున ఒక పలక, పైన ఒక పలక, నడుమ స్తంభములవలె ఆరు అయస్కాంతపు కడ్డీలు. తీగె ఈ స్తంభముల చుట్టును తిరుగును. రెండు కొసలయందును స్తంభములను దాటి ముందుకు వచ్చిన పలకభాగమునకు, ఇంటిచూరునకువలెనే, క్రింద ఆధారము లేదు. తీగె నిండుకొలది ఆ చూరు మెల్లగా పైకి లేచును. లేచిన సందులోనికి తీగెచుట్లు జారి తెగవచ్చును; పైనుంచవలసిన మూత పట్టకపోవును; బలవంతముగా పట్టించినచో లోని చుట్లు నలుగును.

వెండ్రుకవంటి తీగెకు పలకను వంచు శక్తి ఎక్కడిదని సందేహము కలుగవచ్చును. కుట్టుదారమును చూపుడువ్రేలికి ఒక్క చుట్టు చుట్టి చూడుడు: ఏమియు తోచదు. అదే బిగువున ఇరువది చుట్లు చుట్టినచో వ్రేలికొన నీలివర్ణమును దాల్చును. చేతిలో తీగె బిగువు 20 గ్రాములే యనుకొందము. కండె కొసవద్ద వంపు తిరుగు ప్రతిచుట్టును రెండుప్రక్కలనుండి లాగును గనుక అది 40 గ్రాములు. 8000 చుట్లకు లెక్కకు 320 కిలోగ్రాములు! లోపలిచుట్లు నలిగి సడలుటచే అంతబరువును నిజముగా నిలువదు గాని, నిలిచినదే పలుచని పలకకు చాలును. ఇదిగాక, పైవరుస చుట్టు క్రిందివరుసలోని రెండుచుట్ల నడుమ మేకువలె దిగి వానిని ఇరుప్రక్కలకును త్రోయును. ఆ త్రోపు వరుసనుండి వరుసకు పెరిగి తుదకు పలకలమీదనే పడును.

కావున నివారణోపాయము మొదటిచుట్టునకు ముందే ప్రారంభము కావలెను. అయస్కాంతములను పలకలలో దిగగొట్టునపుడు, పలకల నడుమ ఉండవలసిన ఎత్తునకు సమానమైన దిమ్మెను ఉంచినచో రెండును సమాంతరముగా నిలుచును. పిమ్మట బాబిను అడుగుపలకను యంత్రపు బిళ్లకు సందులేకుండ అంటించి, పైపలకకు వెలుపల, అంచులు నునుపుచేసిన మరియొక గట్టిబిళ్లను బిగింపవలెను. అప్పుడు చూరునకు పైనుండి కాపు దొరకును. చుట్టునపుడు తీగెను పలకల అంచువద్ద ప్రోగుపడనీయక, అంచునకు కొంచెము ఇవతలనే చేతిని మరలించుట మంచిది. రెండు ఫెల్టుముక్కల నడుమనుండి తీగెను పోనిచ్చినచో బిగువు సమముగా నుండును. కొత్తవాడు తీగె వదులై జారునను భయముచే బిగించును. కండె వంగుటకు తరచుగా ఆ భయమే కారణము.

పలకల స్వభావమును కూడ ఎరుగవలెను. ఫెండర్ పలకలు వల్కనైజ్డ్ ఫైబరువి. అది జన్మచే కాగితపు జాతిది, తేమను పీల్చుకొని ఉబ్బును. శ్రావణమాసమున పుస్తకపు అట్ట వంకరపోవుట చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి పలకలను బరువుక్రింద చదునుగా, పొడిచోట దాచి వాడవలెను.

గిబ్సన్ అను మరియొక గిటారు సంస్థలో 1955లో సెత్ లవర్ రూపొందించిన రెండుచుట్టల పికప్పు బాబిన్లు ప్లాస్టిక్కువి. వాని నడిమి గోడ పలుచన, లోపల బోలు. తీగె బిగిసినచో గోడ లోనికి నొక్కుకొని, తరువాత ఇనుపకడ్డీలు దూరవు. అందుచే కడ్డీలనో, సరిపడు చెక్కబద్దనో ముందుగా లోపల నింపి చుట్టవలెను. చుట్టిన పిదప చుట్లు కదలి కీచుమనకుండుటకై పికప్పును కరగిన మైనములో ముంచుట ఆచారము. ఆ మైనము 65 డిగ్రీలను మించినచో బ్యూటిరేట్ అను ఆ బాబిన్ల ప్లాస్టిక్కు మెత్తబడి, తీగె లాగినట్లెల్ల వంగును. మైనపు గిన్నెను మంటపై నుంచుట అగ్నిప్రమాదమునకు త్రోవ. వేడినీటి పాత్రలో నిలిపి, ఉష్ణమాపకమును కనిపెట్టుచుండవలెను. బుడగలు ఆగిన తరువాత పికప్పును పైకి తీసి, తుడిచి, రెండు బిళ్లల నడుమ తేలికగా నొక్కి చల్లారనీయవలెను.

చల్లారిన పికప్పును అద్దముపై నిలిపి వెనుక దీపముంచి చూచినచో, పలకకును అద్దమునకును నడుమ ఎచ్చటనైనను వెలుగుగీత కనబడునేమో తెలియును. కనబడినచో సరిదిద్దు మార్గము దాదాపుగా లేదు: పలకను నొక్కి చదును చేయబూనిన చేయి లోపలి తీగెనే తెంచును, కిలోమీటరు తీగెను కోసిపారవైచి మొదటికి రావలెను. అట్లు ఒక్కసారి వచ్చినవాడు, మరునాడు యంత్రమునకు కండెను ఎక్కించునపుడు, తీగెచుట్టను తాకకముందే బిళ్ల బిగిసినదో లేదో రెండుమారులు తడవి చూచుకొనును.