ఒకే 290, రెండు కార్లు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద టిఫిన్ కానిచ్చి రూట్ 1 ఎక్కే తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రూట్ 1 పక్కనే ఒకప్పుడు ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేది. 1948లో మొదలై 2004లో మూతపడింది. పేరుకు మెటచెన్ ప్లాంటు, ఉన్నది ఎడిసన్‌లో. 1960ల చివరి మస్టాంగ్‌ల వాహన నంబరులో రెండో స్థానంలో ‘టి’ ఉంటే, ఆ బండి ఇక్కడ పుట్టిందే.

మస్టాంగ్ మీదికి షెవ్రొలే వదిలిన పోటీదారు కమారో. అప్పట్లో ట్రాన్స్-ఆమ్ కార్ల రేసుల్లో ఇంజిన్ అయిదు లీటర్లు దాటకూడదని నిబంధన ఉండేది. దాంతో కమారో జడ్/28, మస్టాంగ్ బాస్ 302 రెండూ 302 ఘనపు అంగుళాల దగ్గరే ఆగాయి. రెండింటికీ బోరు (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3. చక్రాల మధ్య దూరం రెంటికీ దాదాపు 108 అంగుళాలు. కంపెనీలు చెప్పిన బలం కూడా ఒకటే: 290 హార్స్‌పవర్.

కాగితం చూసి కొనేవాడికి ఏది కొన్నా ఒకటే అనిపిస్తుంది.

తేడా అంతా సిలిండర్ హెడ్‌లో ఉంది. కమారోలో వాల్వులు ఒకే వరసలో నిలబడతాయి, గాలి లోపలికొచ్చే వాల్వు వెడల్పు 2.02 అంగుళాలు. 1969 బాస్‌లో వాల్వులు ఏటవాలుగా ఉంటాయి, అదే వాల్వు 2.23 అంగుళాలు. ద్వారం పెద్దదైతే ఇంజిన్ గిర్రున తిరిగేటప్పుడు గాలి దండిగా అందుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం గాలి వేగం పడిపోయి బండి నీరసిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలే ఊరి రోడ్డుకు అది అచ్చిరాదు. ఫోర్డే మరుసటి ఏడాది దాన్ని 2.19కి తగ్గించింది.

ఆ 290 అంకెనూ పూర్తిగా నమ్మనక్కర్లేదు. అప్పట్లో ఇంజిన్‌ను బండిలోంచి విడిగా, అదనపు భారాలేవీ లేకుండా పరీక్షించి లెక్క చెప్పేవారు. 1972 మోడళ్ల నుంచి ఆ పద్ధతి మారింది.

మరి ట్రాక్ మీద? 1968, 1969 ట్రాన్స్-ఆమ్ టైటిళ్లు షెవ్రొలేవి, మార్క్ డోనహ్యూ నడిపిన కమారోల పుణ్యాన. 1970లో పార్నెల్లీ జోన్స్ బాస్ 302తో ఫోర్డ్ గెలిచింది. అయితే ఆ ఏడాది డోనహ్యూ కమారోలో లేడు, మరో కంపెనీ ఏఎంసీ వారి జావెలిన్ కారుకు మారిపోయాడు.