అరవై అయిదేళ్లకు దొరికిన పేరు

బిడ్డ పుట్టిన పదకొండవనాడో, ఇరవై ఒకటవనాడో బారసాల చేసి, పళ్లెంలో పోసిన బియ్యంపై తండ్రి చేత పేరు వ్రాయించడం తెలుగిళ్లలో ఆచారం. ఆ పేరే కొన్నాళ్లకు బడిలోని హాజరుపట్టీకి ఎక్కుతుంది. ఉపాధ్యాయుడు ఆ పేరు పిలిచినప్పుడు బదులు రాకపోతే, "వాడు ఈ వేళ ఎందుకు రాలేదు?" అని అడిగేవారు ఒకరుంటారు. ఇది మనకు ఎంత అలవాటైన సంగతి అంటే, అట్లా అడిగేవారే లేని బిడ్డ లోకంలో ఉండగలడని మనకు సాధారణంగా తోచదు.

అటువంటి బిడ్డ ఒకడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉండేవాడు. వాడు హతుడైన తరువాత ఆ దేశమంతా వాని మొగం చూసింది; వాని కోసం కన్నీరు కార్చింది; వానిని చంపినది ఎవరై ఉంటారని దశాబ్దాల తరబడి తర్కించింది. వాని పేరు తెలుసుకోవడానికి మాత్రం అరవై అయిదు సంవత్సరాలు పైగా పట్టింది.

1957 ఫిబ్రవరి నెల. నగరానికి ఈశాన్యపు అంచున ఫాక్స్ చేజ్ అనే పేటలో, సస్కెహానా రోడ్డు ప్రక్కన ఉన్న పొదల్లో ఒక పెద్ద అట్టపెట్టె పడి ఉన్నది. అందులో గళ్ల దుప్పటిలో చుట్టిన ఒక మగపిల్లవాని మృతదేహం. ఈడు నాలుగు మొదలు ఆరేళ్ల లోపు ఉంటుందని వైద్యులు అంచనా వేశారు. ఒళ్లంతా దెబ్బల గుర్తులు. తిండి చాలక దేహం చిక్కిపోయి ఉన్నది. జుట్టును ఎవరో ఆదరాబాదరాగా, అడ్డదిడ్డంగా కత్తిరించారు.

ఆ పెట్టెను మొదట చూసినవాడు అక్కడ నీటి ఎలుకలకు ఉచ్చులు పన్నుకొనే యువకుడు. పోలీసులకు చెబితే తన ఉచ్చులు ఎక్కడ పట్టుకుపోతారో అని భయపడి, చూసి కూడా ఊరకున్నాడు. కొన్నాళ్లకు, ఫిబ్రవరి 25వ తేదీన, ఒక కళాశాల విద్యార్థి చూశాడు. అతడు కూడా వెంటనే చెప్పడానికి సందేహించి, మరునాడు గాని పోలీసులకు తెలియజేయలేదు. తరువాతి కాలంలో ఆ బాలుని గురించి ఎన్ని లక్షలమంది మాట్లాడుకున్నా, కథ మొదలైనది మాత్రం ఇట్లా ఇద్దరు మనుష్యుల మౌనంతోనే.

పోలీసులు శక్తివంచన లేకుండా పని చేశారనే చెప్పాలి. శిక్షణ పొందుతున్న 270 మంది పోలీసులు ఆ ప్రదేశాన్నంతా గాలించారు. అట్టపెట్టె ఒక పెద్ద దుకాణంలో పసిపిల్లల తొట్టిని అమ్మినప్పుడు ఇచ్చినదని తేలింది. ఆ రకం తొట్లు ఆ దుకాణం డజను మాత్రమే అమ్మింది. సమీపంలో దొరికిన నీలం రంగు టోపీని కుట్టిన ఆమె కూడా దొరికింది. బాలుని వేలిముద్రలు, పాదముద్రలు తీసుకున్నారు. దేహంపై ఉన్న పాత శస్త్రచికిత్స మచ్చలను బట్టి ఏ ఆసుపత్రి అయినా గుర్తుపట్టగలదేమో అని విచారించారు. ప్రతి దారీ కొంత దూరం పోయి ఆగిపోయింది.

అప్పుడు ప్రజల తలుపు తట్టారు. బాలుని మొగం అచ్చువేసిన కరపత్రాలను 4 లక్షలు ముద్రించి ఊరూరా అంటించారు. ఫిలడెల్ఫియాలో ప్రతి ఇంటికీ వెళ్లే గ్యాసు బిల్లుతోబాటు ఒక్కొక్కటి పంపారు. బ్రతికి ఉన్నప్పుడు ఎట్లా ఉండేవాడో తెలియాలని, నిర్జీవ దేహానికి బట్టలు తొడిగి, కూర్చోబెట్టి ఛాయాచిత్రం తీశారు. భోజనపు బల్లల మీద, అంగళ్ల గోడల మీద, పోలీసు ఠాణాలలో ఆ మొగం కనబడింది. దిక్కులేనివాడని ఎరిగినవారు లేరు. వీడు మావాడు అని వచ్చినవారూ లేరు.

పత్రికలు వానికి "పెట్టెలోని బాలుడు" అని పేరు పెట్టాయి. పేరు లేని చోట ఏదో ఒక పిలుపు ఉండక తప్పదు గదా! కాని ఆ పిలుపులో ఒక అన్యాయం ఉన్నది. అది బాలుని బ్రతుకును గురించి ఏమీ చెప్పదు. వానికి జరిగిన ఘోరాన్ని మాత్రమే చెబుతుంది.

అప్పటినుంచి ఊహాగానాలకు అంతులేకపోయింది. 1956లో హంగరీ దేశంలో తిరుగుబాటు జరిగి, వేలాదిమంది కాందిశీకులు అమెరికాకు వచ్చారు. ఈ పిల్లవాడు వారిలో ఒకడై ఉంటాడని కొందరన్నారు. ఒక అధికారి వేలాది పాస్‌పోర్టు ఛాయాచిత్రాలను పరిశీలించి, పోలికలున్న బాలుని కనిపెట్టాడు. తీరా చూస్తే ఆ పిల్లవాడు క్షేమంగా ఆడుకుంటున్నాడు. చాలాకాలం తరువాత, 2002 ప్రాంతంలో ఒక స్త్రీ తన తల్లే ఆ బాలుని డబ్బిచ్చి తెచ్చి, హింసించి చంపిందని చెప్పింది. చెప్పిన తీరు నమ్మదగినట్లే ఉన్నది గాని, దానికి రుజువు దొరకలేదు.

వీరందరిలో మరపురానివాడు రెమింగ్టన్ బ్రిస్టో. మరణాలకు కారణాలు విచారించే నగర వైద్యాధికారి కార్యాలయంలో ఆయన ఉద్యోగి. 1957లో పట్టుకున్న ఈ కేసును 1993లో తాను కన్నుమూసేవరకు వదలలేదు. ముప్ఫై ఆరేళ్లు! తీరిక వేళలను, సొంత డబ్బును దీనికే ధారపోశాడు. అన్ని దారులూ మూసుకుపోగా, 1960లో దివ్యదృష్టి ఉన్నదని చెప్పుకొనే ఒక స్త్రీని కూడా ఆశ్రయించాడు. ఆమె వర్ణించిన ఇల్లు, మృతదేహం దొరికిన చోటికి మైలున్నర దూరంలో ఉన్న ఒక ఇంటికి సరిపోయినట్లు ఆయనకు తోచింది. అనాథ పిల్లలను ప్రభుత్వం తరఫున పెంచే ఇల్లు అది. ఆ ఇంటివారికి ఏదో తెలుసునని ఆయన చివరివరకు నమ్మాడు. 1998లో పోలీసులు మళ్లీ ఆ కుటుంబాన్ని విచారించి, ఆ దారిని మూసివేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. బ్రిస్టో దయార్ద్ర హృదయుడు. అందులో సందేహం లేదు. కాని దయ ఉన్నంత మాత్రాన ఊహ నిజం కాదు. నిజానికి ఆ బాలునితో సంబంధమున్నదనడానికి ఆధారం లేని ఒక కుటుంబం, ముప్ఫై ఏళ్లకు పైగా అనుమానపు నీడలో బ్రతికింది. తేలని హత్యను గురించి జనం ఆసక్తితో మాట్లాడుకొనేటప్పుడు, ఆ మాటల బరువు మోసేవారు ఎవరో ఒకరు ఎక్కడో ఉంటారు. వారి మొగం మాట్లాడేవారికి కనబడదు.

అసలు ఇటువంటి కథలు మనుష్యులను ఎందుకు ఇంతగా పట్టుకుంటాయి? తుది తెలియని కథను మనస్సు సహించలేదనేది ఒక కారణం. సగంలో ఆగిన కథకు ఎవరికి తోచిన ముగింపు వారు వ్రాసుకుంటారు. రెండవది భయం. ఏ తోడూ లేని పసివానిని చంపినది ఎవరో తెలియకపోతే, ఆ చేయి ఇరుగింటిదో పొరుగింటిదో కావచ్చును గదా! అందుకే ఆ హంతకుడు దూరదేశపువాడో, రాక్షస ప్రవృత్తి గల అపరిచితుడో అని తేలితే జనానికి కొంత ఊరట. కాందిశీకుల కథ పుట్టడంలో ఈ ఊరటకు కూడా పాలు ఉండి ఉండవచ్చును. మన వీధిలో కాదు, మన వాళ్లలో కాదు అనుకోవడంలో గొప్ప నిశ్చింత ఉన్నది.

ఐతే ఆసక్తి అంతా ఒకే జాతికి చెందినది కాదు. "ఎవరు చంపారు?" అన్న ప్రశ్న వెంట పరుగెత్తినవారు కొందరైతే, "ఈ పిల్లవాడు ఎవరు?" అన్న ప్రశ్నను విడువక పట్టుకున్నవారు మరికొందరు. మొదటి ప్రశ్నకు కథలు పుట్టాయి. రెండవ ప్రశ్నకు పని పుట్టింది.

1957లో ఆ దేహాన్ని దిక్కులేనివారిని పూడ్చే పొలంలో పాతిపెట్టారు. హత్యా పరిశోధన శాఖలోని పోలీసులు తమలో తాము చందాలు వేసుకొని, సమాధిపై ఒక రాయి నిలిపారు. ఎవరో తెలియని ఈ బాలుని భగవంతుడు దీవించుగాక అన్న ప్రార్థన దానిపై చెక్కించారు. అనాథప్రేత సంస్కారం మహాపుణ్యమని మన పెద్దలు చెప్పుతారు. ఆ మాట ఎన్నడూ వినని పరదేశపు పోలీసులు ఆ పనే చేశారు.

ఫిలడెల్ఫియాలోనే 1990లో విదోక్ సొసైటీ అని ఒక సంఘం వెలసింది. పదవీ విరమణ చేసిన పరిశోధకులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు నెలకొకసారి భోజనానికి కలిసి, తేలని హత్యలను చర్చించి పోలీసులకు సాయపడతారు. ఈ సంఘం బాలుని కేసును తలకెత్తుకున్నది. 1998లో దేహాన్ని వెలికితీసి, దంతం నుంచి జన్యు నమూనా సేకరించిన పిమ్మట, ఐవీ హిల్ శ్మశానవాటికలో సగౌరవంగా తిరిగి సమాధి చేశారు. అజ్ఞాత శిశువు అన్న మాటలే ఈ రాతిపై కూడా చెక్కారు. ఏటేటా జనం అక్కడికి వచ్చి పూలు, ఆటబొమ్మలు ఉంచి వెళ్లేవారు. ఆడుకొనే ఈడు దాటనే దాటని వానికి అంతకంటె తగిన కానుక ఏమున్నది?

ఎదురుచూసిన శాస్త్రం ఇరవయ్యేళ్లకు గాని రాలేదు. మనుష్యుని దేహంలోని ప్రతి కణంలోను తల్లి పాలు, తండ్రి పాలు లిఖించబడి ఉంటాయి. తమ వంశమూలాలు తెలుసుకొనే కుతూహలంతో ఈ కాలంలో లక్షలాదిమంది తమ జన్యు వివరాలను నమోదు చేయించుకుంటున్నారు. చనిపోయిన వ్యక్తి నమూనాను వాటితో పోల్చితే, దూరపు చుట్టరికాలు బయటపడతాయి. ముత్తాతల నాటి వంశవృక్షాలను కొమ్మ కొమ్మగా గీసుకుంటూ క్రిందికి వస్తే, అసలు కుటుంబం దగ్గరకు చేరవచ్చును. 2019లో మళ్లీ నమూనా తీసి, శిథిలమైన ఆ జన్యుపదార్థంతోనే ఈ పని సాగించారు. తల్లి వైపు బంధువులు దొరికారు. తల్లి ఎవరో తేలింది. న్యాయస్థానపు ఉత్తర్వుతో ఆమెకు పుట్టిన బిడ్డల జనన పత్రాలు తెప్పించి చూశారు. అందులో ఒకటి, ఎవరూ ఎరుగని ఒక మగబిడ్డది.

2022 డిసెంబరు 8వ తేదీన ఫిలడెల్ఫియా పోలీసులు ఆ పేరు లోకానికి వెల్లడించారు. జోసెఫ్ అగస్టస్ జరెల్లీ. పుట్టినది 1953 జనవరి 13వ తేదీ. చనిపోయేనాటికి వాని వయస్సు నాలుగేళ్లు.

చంపినది ఎవరన్నది మాత్రం ఆనాడు తేలలేదు. పోలీసులు తమ అనుమానాలను బయటపెట్టలేదు. తోబుట్టువులు జీవించి ఉన్నందున తల్లిదండ్రుల పేర్లు కూడా ప్రకటించలేదు. ఆరున్నర దశాబ్దాల ఊహాగానాలు ఎవరెవరిని ఎట్లా కాల్చాయో ఎరిగిన తరువాత, ఆ సంయమనం విలువ తెలుస్తుంది.

కాని ఆ ప్రకటనలో మరొక సంగతి ఉన్నది. జోసెఫ్ అదే నగరపు పడమటి భాగంలో, 61వ వీధి, మార్కెట్ వీధి కలిసే ప్రాంతంలో నివసించి ఉంటాడని పోలీసులు భావించారు. సముద్రాల అవతలి నుంచి వచ్చినవాడు కాడు, కాందిశీకుడు కాడు. వాని పుట్టుక పద్ధతి ప్రకారం ప్రభుత్వ దస్తరాలలో నమోదై ఉన్నది. నాలుగు లక్షల కరపత్రాలు ఏ వీధుల్లో పంచారో, ఆ వీధుల్లోనే వాడు తిరిగి ఉండవచ్చును. చచ్చిపోయిన తరువాత వాని మొగాన్ని లక్షల కళ్లు చూశాయి. బ్రతికి ఉండగా చూసినవారిలో, "ఆ పిల్లవాడు కనబడడం లేదేమి?" అని గట్టిగా అడిగినవారు ఒక్కరూ లేకపోయారు.

జోసెఫ్ బడి ఈడుకు రాలేదు. ఇంకో ఏడాదో రెండేళ్లో బ్రతికి ఉంటే ఏ బడిలోనో వాని పేరు హాజరుపట్టీకి ఎక్కి ఉండేది. ఒంటిమీది దెబ్బలను ఏ ఉపాధ్యాయురాలో చూసి ఉండేది. వరుసగా నాలుగు రోజులు రాకపోతే ఇంటికి కబురు పంపి ఉండేది. లోకం దీనిని గొప్ప పని అని లెక్కించదు; పత్రికలలో పడే పని కాదు. ఐనా ఒక నగరమంతటి కుతూహలం చేయలేని పనిని, సమయానికి అడిగిన ఆ ఒక్క ప్రశ్న చేయగలిగి ఉండేదేమో.

2023 జనవరి 13వ తేదీ, జోసెఫ్ బ్రతికి ఉంటే డెబ్బయ్యవ పుట్టినరోజు. ఆనాడు ఐవీ హిల్‌లో, అజ్ఞాతుడని వ్రాసిన సమాధి దగ్గర జనం గుమికూడారు. వాని పేరు చెక్కిన కొత్త రాతిపై ఉన్న తెర తొలగించారు. వచ్చినవారిలో వానిని ఎరిగినవారు లేరనవచ్చును. ఐనా వారందరూ ఆ పూట మొదటిసారిగా వానిని పేరు పెట్టి పిలిచారు.