కదిలేది మాయం, కదలనిది పదిలం

సికింద్రాబాదులోని మారేడ్‌పల్లి నుంచి కొద్ది కిలోమీటర్లు వెళితే మౌలాలి గుట్ట వస్తుంది. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాయి అది. మెట్ల మీద నడిచే జనం, పైన సాగిపోయే మబ్బులు. పట్టపగలే, ఆ జనం ఒక్కరూ పడకుండా గుట్టను ఫొటో తీయగలమా? తీయగలం! అందుకు ఏ కటకం కావాలి? ఏ ఫిల్టరు కావాలి?

ముందు కటకం సంగతి. 35 మి.మీ. ఫిల్ము కెమెరాలో 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం అడ్డంగా 40 డిగ్రీల మేర దృశ్యాన్ని పట్టుకుంటుంది. 28 మి.మీ. కటకం 65 డిగ్రీలు, 100 మి.మీ. కటకం 20 డిగ్రీలు పట్టుకుంటాయి. ఎక్కువ పడుతుంది గదా అని 28 మి.మీ. కటకంతో దూరాన నిలబడితే గుట్ట కాస్తా గులకరాయి అయిపోతుంది! దగ్గరి బండలనూ ఆకాశాన్నీ కలిపి చూపాలంటే అది మంచిది. దూరం నుంచి గుట్టనే చూపాలంటే 100 మి.మీ. మేలు.

ఇక ఆకాశం. 1880లలో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆనాటి మామూలు గాజు ప్లేట్లు నీలి కాంతికి ఎక్కువగా స్పందించేవి. అందువల్ల నీలాకాశమూ తెల్లమబ్బూ ఒకే తెలుపుగా కలిసిపోయేవి. అన్ని రంగులకూ స్పందించే ఫిల్ములు వచ్చాక పసుపు ఫిల్టరు పనికొచ్చింది. అది నీలి కాంతిని కొంత ఆపుతుంది. ఆకాశం ముదురై మబ్బు తేటపడుతుంది. రంగుల ఫొటోలకు పోలరాయిడ్ ఫిల్టరు వాడతారు. సూర్యుడికి లంబదిశలో ఉన్న ఆకాశం మీద దాని ప్రభావం ఎక్కువ.

మరి జనం మాయమయ్యేదెలా? మామూలుగా ఎఫ్/8 వద్ద సెకనులో 60వ వంతు చాలనుకుందాం. రంధ్రాన్ని ఎఫ్/22కి తగ్గిస్తే కాంతి 8 రెట్లే తగ్గుతుంది. పైగా వివర్తనం వల్ల బొమ్మ మసకబారుతుంది. కాబట్టి అన్ని రంగులనూ సమంగా తగ్గించే బూడిదరంగు ఫిల్టరు కావాలి. కాంతిని పదిసార్లు సగం చేసే ఫిల్టరు 1,024వ వంతునే పోనిస్తుంది. అప్పుడు షట్టరు 17 సెకన్లు తెరిచి ఉండాలి. ఒక చోట అరసెకను ఉండి నడిచిపోయిన మనిషి వల్ల ఆ చోట పడే కాంతి మొత్తంలో 34వ వంతే. అది కంటికి ఆనదు. మబ్బులు పాలు పారినట్టు సాగుతాయి. గుట్ట మాత్రం చెక్కు చెదరదు, కెమెరా స్టాండు కదలకపోతేనే సుమా!

ఒక హెచ్చరిక. ఎంత నల్లని ఫిల్టరైనా దానిగుండా సూర్యుణ్ణి చూడకండి. కనిపించని పరారుణ కిరణాలు దాన్ని దాటి వచ్చి కంటిని దెబ్బతీయవచ్చు.

ఫిల్టరు కొనలేరా? దిగులు పడకండి. సెల్‌ఫోనును కదలకుండా నిలిపి, వెంటవెంటనే 30 ఫొటోలు తీయండి. కంప్యూటరులో వాటి సగటు కట్టండి. దాదాపు అదే ఫలితం వస్తుంది. ఆ ఫొటోలో జనం కనిపించకపోతే, అక్కడ ఎవరూ లేరని అర్థం కాదు. ఎవరూ నిలవలేదని అర్థం!